అర్థం కాని ఒక్క సంగతి కోసం తెనాలి నుంచి రేపల్లె దాకా

తెనాలిలో ఎవరినైనా ఏదైనా అడిగి, అర్థం కాకుండా తిరిగి రావడం ఎంత కష్టమో అక్కడికి వెళ్ళి చూస్తేగాని తెలియదు. నేను వెళ్ళింది మాత్రం సరిగ్గా అందుకే. నాకు అర్థం కాని సంగతి ఒకటి కావాలి. అది దొరక్కపోతే నా చదువు గోవిందా.

ఎందుకో చెబుతాను. మాది కదిరి. బస్టాండు వెనక సందులో నెట్ సెంటర్ నడుపుతాను. మా ఊరి పిల్లల్లో సగం మంది కాలేజీ అప్లికేషన్లు నా చేతి మీదుగానే వెళ్ళాయి. ఫొటో సైజు తగ్గించడం దగ్గర్నుంచి ‘మీ జీవిత లక్ష్యం ఏమిటి’ అన్న గడి నింపడం దాకా అన్నీ నేనే. ఊరందరికీ లక్ష్యాలు రాసి రాసి, ముప్పై ఎనిమిదో ఏట నా అప్లికేషన్ కూడా నేనే పెట్టుకున్నాను. సమాజశాస్త్రంలో ఎం.ఏ. యూనివర్సిటీ పేరు చెప్పను, దిష్టి తగులుతుంది. దేశం నలుమూలల నుంచీ రాస్తారు, ఒక చిన్న గదిలో పట్టేంత మందిని తీసుకుంటారు.

రాతపరీక్ష గట్టెక్కినవాళ్ళకు ఆఖర్న ఒక వింత పని పెడతారు. మీకు చుట్టాలూ స్నేహితులూ లేని చోటికి వెళ్ళండి, కొన్నాళ్ళు ఉండండి, అక్కడి మనుషులు చేసే పనుల్లో మీకు అర్థం కానిది ఒక్కటి తీసుకొచ్చి ఇంటర్వ్యూలో చెప్పండి అంటారు. పోయినేడు నేను చీరాల వెళ్ళి మగ్గాల గురించి సమస్తం కనుక్కొచ్చి అరగంట గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అంతా విని ఒక మేడం, “మీకు అన్నీ అర్థమయ్యాయి కదండీ, ఇక మా దగ్గరికి ఎందుకు?” అన్నారు. సీటు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు మా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు, పాపం ఆయన చేసిందేమీ లేకపోయినా.

అక్కడ రెండుసార్లకు మించి అప్లై చేయనివ్వరు. ఇది రెండోది, ఆఖరిది. రైలెక్కించేటప్పుడు మా ఆయన, “ఈసారి నీ తెలివంతా ఇంట్లోనే పెట్టి పో” అన్నాడు. షాపు తాళాలు ఆయన చేతిలో పెట్టి, నిజంగానే అలా పోదామని బయల్దేరాను.

తెనాలిలో అందరూ మాస్టార్లే

ఫిబ్రవరి మొదట్లో మా వైపు నేలంతా ఎండిపోయి ఎర్రగా ఉంటుంది. ఇక్కడ రైలు కిటికీలోంచి చూస్తే వరి కోసేసిన చేలల్లో మళ్ళీ పచ్చగా మినుము. ఊరి మధ్యలోంచి కాలవలు. మేము బోరులో నీళ్ళు పడితే ఊరంతా స్వీట్లు పంచుకుంటాం, వీళ్ళు కాలవ పక్కన నిలబడి దానివంక చూడను కూడా చూడకుండా ఫోను మాట్లాడుకుంటున్నారు. నాకు అసూయ కలిగింది, దాచుకోవడమెందుకు.

స్టేషన్ ఎదురు సందులో ఒక పెద్దావిడ ఇడ్లీ బండి. ప్లేటు ముప్పై. మా ఊళ్ళో అదే డబ్బుకు బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు వస్తాయి. కానీ ఆ అల్లం పచ్చడి నాలిక మీద పడగానే ధర సంగతి మర్చిపోయాను. పచ్చడి నల్లగా ఉంది, తియ్యగా మొదలై చెవుల్లోంచి పొగలు తెప్పించింది.

“ఇంత నల్లగా ఎందుకుందమ్మా?” అని అడిగాను ఆశగా. అర్థం కాని సంగతి మొదటి గంటలోనే దొరికిందనుకున్నాను.

“పాత బెల్లం అండి. పాతబెల్లమైతే రంగు దిగుతుంది. చింతపండు కూడా పోయినేటిది వెయ్యాలి. అల్లం తొక్కు తీసి నూనెలో…” అని ఆవిడ మొదలుపెట్టి, నేను రెండో ప్లేటు తినేలోపు మొత్తం చెప్పేసింది. ఇక నేను ఇంటికెళ్ళి చేసుకోవడమే తరువాయి.

ఊరంతా అదే వరస. పాత నట్లు, బోల్టులు, గొలుసులు అతికించి నిలువెత్తు సింహాన్ని చేస్తున్న షెడ్డులోకి వెళ్ళాను. సింహం జూలు బైకు గొలుసులతో చేశారు, చూస్తుంటే కదులుతున్నట్టే ఉంది. చేస్తున్నాయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, ఏ బోల్టు ఏ కండరమో, ఎక్కడ అతుకు పెడితే ఎండకు విడిపోతుందో, ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో విడమర్చి చెప్పాడు. కాలవ గట్టున కూర్చున్నాయన నీళ్ళు ఎప్పుడు వదులుతారో, ఎప్పుడు కట్టేస్తారో చెప్పాడు. ఆటో ఆయన ఆ రెండూ తప్పని మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు.

రాత్రి మా ఆయనకు ఫోన్ చేసి, “ఇది మంచి ఊరే, కానీ నాకు పనికిరాదు. అడగకముందే అర్థం చేయించేస్తారు” అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటర్వ్యూ సోమవారం పొద్దున, ఫోన్లోనే, ఎక్కడ ఉంటే అక్కడి నుంచే.

బాపట్లలో చెప్పు పోయింది

మర్నాడు బాపట్లలో దిగి, బ్యాగు లాడ్జిలో పడేసి, ఇంకేమీ ఆలోచించకుండా సూర్యలంక ఆటో ఎక్కాను. పోయినేడు చీరాల దాకా వెళ్ళినా మగ్గాలు వదిలి కదల్లేదు, ఈ వయసొచ్చేదాకా నేను సముద్రం చూడలేదు. దాన్ని గురించి వర్ణించను, చూసినవాళ్ళకు తెలుసు, చూడనివాళ్ళకు నేను చెబితే తెలియదు. నేను మాత్రం చీర మోకాళ్ళ దాకా ఎత్తిపట్టుకుని పిల్లలతో పాటు కేకలు పెట్టాను. మూడో అలకో నాలుగో అలకో ఎడమకాలి చెప్పు పోయింది. దానికోసం పరిగెత్తి, నేనూ కూలబడ్డాను.

నన్ను లేపింది సుగుణమ్మ టీచర్. బడి నుంచి రిటైరయ్యాక రోజూ ఇసుకలో నడవడానికి వస్తారట. పొట్టిగా, చురుగ్గా, తెల్ల చీరలో ఉన్నారు. “ఏంటమ్మా, ఈ చెప్పు కోసమా? అది ఈపాటికి అవతల అడవులదీవి తీరం దాటిపోయి ఉంటుంది. పదండి, తడి బట్టలతో ఆటో ఎక్కకూడదు” అని తన ఇంటికి తీసుకెళ్ళి, పొడి చీర ఇచ్చి, పీతల పులుసుతో అన్నం పెట్టారు. భోజనానికి ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు, అందులో నా ఇంటర్వ్యూ కూడా ఉంది. నేను ఆ సంగతి చెప్పి పది నిమిషాలు కూడా కాలేదు.

పీత తినడం నాకు చేతకాలేదు. ఆవిడే డెక్కలు విరిచి నా కంచంలో వేశారు. మా ఇంట్లో అత్తగారు కూడా నాకెప్పుడూ అలా పెట్టలేదు.

“అర్థం కానిదంటే ఎలాంటిదండి మీకు కావలసింది?” అని అడిగారు.

“నాకే తెలియదు టీచర్. తెలిస్తే అర్థమైనట్టే గదా” అన్నాను.

ఆవిడ ఇంకో డెక్క విరిచి వేస్తూ, “రేపు మా ఊళ్ళో కోత పండుగ. పిట్టలవానిపాలెం దగ్గరలో. నేను పుట్టిన ఊరు. రండి, ఏదీ దొరక్కపోయినా కోడికూర దొరుకుతుంది” అన్నారు.

చర్చి ముందు వేలంపాట

పంట ఇంటికొచ్చాక లూథరన్ సంఘాల్లో చేసుకునే పండుగ ఇది. ఎవరింట్లో ఏది పండితే అది మొదట చర్చికి తెస్తారు. మేము వెళ్ళేసరికి లోపల ముందు భాగమంతా వడ్ల బస్తాలు, అరటి గెలలు, గోంగూర కట్టలు, కొబ్బరికాయలు. కాళ్ళు కట్టిన కోడిపుంజు ఒకటి ప్రసంగం మధ్యలో ఊరుకోలేక అరిచింది, పాస్టరుగారు దాన్ని కూడా కలుపుకుని వాక్యం ముగించారు. అందరూ నవ్వారు. మా గుళ్ళో అయితే పూజారి ముఖం మాడిపోయేది.

ఆరాధన అయ్యాక బయట షామియానా కింద ఇవన్నీ వేలం వేస్తారు. సంఘపెద్ద ఒకాయన, పేరు రత్నంగారు, గొంతు మైకుకన్నా పెద్దది. ఒక్కొక్కటీ ఎత్తి చూపించడం, జనం పాడటం, పాడినవాళ్ళు డబ్బు కట్టి వస్తువు పట్టుకుపోవడం. గోంగూర, గుడ్లు, గెలలు, అన్నీ అలాగే వెళ్ళిపోయాయి. ఇంతలో వంట దగ్గర ఏదో తక్కువైందని పిలిస్తే సుగుణమ్మ టీచర్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి వెనక్కి వెళ్ళారు.

అప్పుడు గుమ్మడికాయ వచ్చింది. చాలా మామూలు కాయ, మీద తెల్ల రిబ్బను. ఒక ట్రాక్టరాయన అయిదొందలకు పాడాడు. కాయ తీసుకుని, తలకు ఆనించుకుని, మళ్ళీ రత్నంగారికే ఇచ్చేశాడు. రత్నంగారు మళ్ళీ పాట మొదలుపెట్టారు. ఈసారి ఒక కిరాణా ఆయన ఇంకా ఎక్కువకు పాడి, తనూ ఇచ్చేశాడు. తరువాత ఒక టీచరమ్మ. పోటీ పెరుగుతోంది, జనం ఈలలు వేస్తున్నారు, నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మా ఊళ్ళో చీటీ పాటల్లో నన్ను మించినవాళ్ళు లేరు. చెయ్యెత్తి గట్టిగా పాడేశాను. మూడోసారి అనేసరికి కాయ నాది.

డబ్బు ఇచ్చాను. కాయ ఒళ్ళో పెట్టుకున్నాను. రత్నంగారు చేతులు చాపి నిలబడ్డారు. డబ్బు ఇచ్చాను కదా అని నేనూ ఆయన్ని చూసి నవ్వాను. ఆయనా నవ్వారు. అందరూ నవ్వుతూ నా వైపే చూస్తున్నారు. ఊరుకాని ఊళ్ళో ఎంత ఆదరణ అని మురిసిపోయాను. చీకటి పడకముందు రేపల్లె చేరి, మర్నాటి ఇంటర్వ్యూకి ఆలోచించుకోవాలి, ఇప్పటిదాకా చేతిలో ఏమీ లేదు. రోడ్డు మీద రేపల్లె బస్సు హారన్ వినిపించింది, అది పోతే ఇంకోటి ఎప్పుడో, టీచర్‌కు తరువాత ఫోన్ చేసి చెప్పుకోవచ్చు అనుకున్నాను. అందరికీ దణ్ణం పెట్టి, బ్యాగు భుజాన, కాయ చంకన పెట్టుకుని పరుగెత్తాను. ఇద్దరు ముగ్గురు లేచారు, మళ్ళీ కూర్చున్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు.

బస్సులోంచి వెనక్కి

కండక్టరమ్మ టికెట్ చింపబోతూ కాయ మీద రిబ్బను చూసి ఆగింది.

“ఇది పండుగ గుమ్మడికాయ కదండీ?”

“అవును. పాట పాడి కొనుక్కున్నా” అన్నాను గర్వంగా.

“మళ్ళీ ఇవ్వలేదా?”

“యాల ఇవ్వల్ల? డబ్బు కట్టినా గదా.”

“భోజనాలు అయిపోయాయా అక్కడ?”

“లేదు.”

ఆవిడ టికెట్ల మిషను చంకలో పెట్టుకుని, “అయ్యో, వాళ్ళు మీకోసం ఆగిపోయి ఉంటారండి. కాయ చివరికి ఎవరిదో తేలకుండా ఎవరూ అన్నం ముట్టరు. డ్రైవరు గారూ, ఆపండి ఒకసారి” అంది.

నేను దిగిపోయాను. ఆటో దొరికేదాకా ఎండలో, కొత్త చెప్పులు కరుస్తుంటే, కాయ మోసుకుంటూ వెనక్కి నడిచాను. సిగ్గుతో ఒళ్ళంతా కాలిపోతోంది. మనసులో వాళ్ళనే తిట్టుకున్నాను. ఒక్క మాట చెబితే వీళ్ళ సొమ్మేం పోయింది అని.

వెళ్ళి చూస్తే అలాగే ఉన్నారు. అరటాకులు పరిచి ఉన్నాయి, ఆకుల్లో ఏమీ లేదు. ముసలీ ముతకా అందరూ కూర్చున్నారు. రత్నంగారు మైకు పట్టుకుని, సరిగ్గా నేను వదిలి వెళ్ళిన చోటే ఉన్నారు. సుగుణమ్మ టీచర్ గేటు దగ్గరికి ఎదురొచ్చారు.

“నన్ను ఎందుకు ఆపలేదు టీచర్?” అన్నాను ఏడుపు గొంతుతో.

“నేను వంట దగ్గర ఉండిపోయానమ్మా. వీళ్ళేమో అతిథిని ఎలా అడుగుతామని ఊరుకున్నారు. ఎలాగూ వచ్చేస్తారన్నారు.”

“రాకపోతే?”

“వచ్చారుగా” అన్నారు ఆవిడ.

కాయ రత్నంగారి చేతిలో పెట్టాను. షామియానా అంతా చప్పట్లు. పాట నా దగ్గర ఆగిన చోటి నుంచే మళ్ళీ సాగింది. ఒకరిద్దరు నా పాట మీద పెంచి, తలకు ఆనించుకుని, తిరిగి ఇచ్చారు. ఇక ఎంతదాకా వెళ్తుందో అని నేను మెడ చాచి చూస్తున్నాను. అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ, “ఇరవై” అంది.

ఇరవై వందలు కాదు, ఇరవై రూపాయలు. అంతే, ఎవరూ నోరెత్తలేదు. ఈలలు లేవు. రత్నంగారు మైకు కూడా పక్కన పెట్టి, మామూలు గొంతుతో ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నారు. ఆవిడ వచ్చి నోటు ఇచ్చి కాయ తీసుకుంది. ఈసారి తిరిగి ఇవ్వలేదు. వెంటనే అన్నం గంపలు బయటికొచ్చాయి.

ఆకు ముందు కూర్చున్నాను గాని కోడికూర రుచి తెలియలేదు. పక్కనున్న వాళ్ళనందరినీ పీకి పాకం పెట్టాను. ఆవిడకే ఎందుకు? పేదరాలా? కాదండి, నాలుగెకరాల ఆసామీ. చేతుల నిండా గాజులు నేనే చూశాను. వంతులవారీగా వస్తుందా? లేదండి, పోయినేడు వాళ్ళ ఎదురింటాయన. ముందే అనుకుంటారా? అబ్బే. మరి ఇరవై అనగానే అందరూ ఎందుకు ఆగారు?

“ఎవరో ఒకళ్ళు అంటారండి. అన్నప్పుడు తెలిసిపోతుంది” అన్నారు రత్నంగారు, నా ఆకులో ఇంకో ముక్క వేయిస్తూ.

ఆవిడ్నే వెళ్ళి అడిగాను. “ఏమోనమ్మా, నోటికొచ్చింది, అన్నాను” అని నవ్వింది. కాయను ఏం చేస్తావంటే, కూర చేస్తానంది. తెనాలి నుంచీ ప్రతి ప్రశ్నకూ గుక్కతిప్పుకోకుండా జవాబు చెప్పిన మనుషులు, దీని దగ్గర హాయిగా నవ్వి ఊరుకున్నారు. ఎగిరి గంతేయాలనిపించింది.

రేపల్లె లాడ్జిలో

రేపల్లె రైలుకు ఆఖరి స్టేషన్. అక్కడితో పట్టాలు అయిపోతాయి. స్టేషన్ దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను గాని లోపల సిగ్నల్ లేదు. మర్నాడు పొద్దున లాడ్జి ఓనరుగారు తన కౌంటర్ మీద ఫోను నిలబెట్టి, వెనక క్యాలెండర్ సరిచేసి, “ఇక్కడ కూర్చోండమ్మా, ఎవర్నీ మాట్లాడనివ్వను” అన్నారు. అన్నమాట ప్రకారం వచ్చిన ప్రతివాడినీ వేలు నోటిమీద పెట్టి కూర్చోబెట్టారు. కొంతసేపటికి నా ఇంటర్వ్యూకి ఆరేడుగురు శ్రోతలు తయారయ్యారు.

తెర మీద ముగ్గురు. పోయినేడు నన్ను పంపించేసిన మేడం కూడా ఉన్నారు, ఆవిడ తెలుగావిడే. గుమ్మడికాయ ఎత్తుకుపోయిన దగ్గర్నుంచి మొత్తం చెప్పాను, నా వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టి, బస్సు దిగేసరికి తెలుగులోకి వచ్చేసి. మేడమే మిగతా ఇద్దరికీ చెప్పారు.

“ఉన్నవాళ్ళు పోటీపడి ఇచ్చి, చివరికి లేనివాళ్ళకు చేరవేసే పద్ధతి అయివుంటుంది కదా” అన్నారు ఒకాయన.

“కాదు సార్, ఆమెకు నాలుగెకరాలుంది.”

“అయితే పెద్దలు ముందే నిర్ణయించి ఉంటారు” అన్నారు రెండో ఆయన.

“నిర్ణయించి ఉంటే నాకోసం ఆకులు పరుచుకుని ఎందుకు కూర్చుంటారు సార్? ఇంకో కాయ తెచ్చి ఆమెకిచ్చేసి తినేవాళ్ళు గదా.”

మేడం ముందుకు వంగారు. “పాట ఎప్పటికీ ఆగకుండా పోకూడదని, ఆపడానికి ఒక ఉపాయం. అంతే కదా?”

నాకు కోపం వచ్చింది. ఆఖరి అవకాశమనీ, సీటు ఆవిడ చేతిలో ఉందనీ గుర్తుండి కూడా ఆపుకోలేకపోయాను. “ఆపడానికైతే రత్నంగారే ఆపొచ్చు మేడం. వెనక వరసలో ఉన్న మనిషి ఎందుకు ఆపల్ల? ఆమె ఇరవై అన్నప్పుడు అందరికీ ఎట్ల తెలిసింది? నేను అక్కడే ఉన్నా, నాకు తెలియలేదు. మీరు ఇక్కడ కూర్చోని అర్థమైపోయిందంటే ఎట్లా?”

కౌంటర్ ముందు కూర్చున్నవాళ్ళలో ఒకాయన, “బాగా అడిగారండి” అన్నాడు. ఓనరుగారు ఆయన్ని కళ్ళతోనే ఆపేశారు. తెర మీద ముగ్గురూ ఏదో రాసుకుని, థాంక్యూ చెప్పి వెళ్ళిపోయారు.

అయిపోయింది, నోటిదురుసుతో నాశనం చేసుకున్నానని ఏడ్చాను. ఓనరుగారు టీ తెప్పించి, “తప్పు మాట్లాడలేదమ్మా మీరు” అన్నారు. టీ డబ్బు తీసుకోలేదు. రైలు కదిలేదాకా ఆ శ్రోతల్లో ఇద్దరు ప్లాట్‌ఫాం మీద నిలబడి, అసలు ఆ ఇరవై ఎందుకని తమలో తాము వాదించుకుంటూనే ఉన్నారు.

ఇంటికి వచ్చాక

తరువాతి వారం ఒక మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. మేడం గొంతు. స్టూలు లాక్కుని కూర్చున్నాను.

“హేమలతగారూ, ఆఫీసు నుంచి మీకు మెయిలు వస్తుంది, అది పద్ధతి ప్రకారం. నేను చేస్తున్నది వేరే కారణానికి. మీ ఇంటర్వ్యూ అయిన దగ్గర్నుంచి మేం ముగ్గురం ఆ గుమ్మడికాయ మీద పోట్లాడుకుంటూనే ఉన్నాం. నేను చెప్పింది వాళ్ళు ఒప్పుకోరు, వాళ్ళు చెప్పింది నాకు కుదరదు. మీరు చెప్పినట్టు, మాకూ అర్థం కాలేదు. జూలైలో క్లాసులు మొదలు. వచ్చేయండి, నలుగురం కూర్చుని తేల్చుకుందాం.”

ఏదైనా మర్యాదగా చెప్పాలని తెలుసు. థాంక్యూ అయినా అనాలి. నా నోటికొచ్చింది మాత్రం ఇదే:

“జూలై దాకా ఆగల్లనా మేడం?”